పిడా, చక్రమా? తొలి మోటారు బండ్ల స్టీరింగు తగువు



కిందటి నెలలో మా మందిరపు పాత జీపు స్టీరింగు కొంచెం వదులైంది. చక్రం నాలుగు వేళ్ల మేర తిప్పితే గానీ బండి స్పందించడం లేదు. సెంటరులోని షెడ్డుకు తీసుకుపోయాము. మేస్త్రీ బుష్‌లు మార్చి, బోల్టులు బిగించాడు. మాతో వచ్చిన సంఘ పెద్ద ఒకాయన సీట్లో కూర్చుని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉందయ్యగారూ, ఇక బయల్దేరదాం" అన్నారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "నిలబడ్డ బండి ఏం చెబుతుందండీ? కాలవ గట్టు దాకా తీసుకుపోయి, గుంటలో దించి, మలుపు తిప్పి, ఒక్క క్షణం చేతులు వదిలి చూస్తేనే గదా తెలిసేది!" అన్నాడు. ఇద్దరికీ మాట పెరిగింది. ఒకరికి పొద్దుపోతోందన్న ఆదుర్దా, ఇంకొకరికి పిల్లలెక్కే బండి అన్న భయం.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక మాకు ఒక సంగతి తోచింది. ఈ తగువు మన షెడ్డులో పుట్టింది కాదు. మోటారు కారు పుట్టినప్పటి నుంచీ, నిజానికి అంతకు ముందు నుంచీ ఉన్నదే. బండిని ఎలా తిప్పాలి, తిప్పే సాధనం ఎలా ఉండాలి, అది మంచిదని ఎలా తేల్చాలి అనే మూడు ప్రశ్నల మీద తెలివైనవాళ్లు, నిజాయితీపరులు దశాబ్దాల పాటు ఏకీభవించలేకపోయారు. ఆ కథ ఈ వారం మీతో పంచుకుంటాము.

1. ఇరుసు తిరగాలా, చక్రాలు తిరగాలా?

మన ఎడ్లబండికి రెండే చక్రాలు. ఎడ్లు ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది. అందుకే మన తాతలకు స్టీరింగు అనే చిక్కే లేదు. ఐరోపాలో గుర్రాలు లాగే నాలుగు చక్రాల బండ్లకు ఆ చిక్కు వచ్చింది. వాళ్లు ముందు ఇరుసును మధ్యలో ఒకే మేకు మీద నిలిపి, ఇరుసు మొత్తం తిరిగేలా చేశారు. గుర్రం పక్కకు తిరిగితే దానికి కట్టిన కాడి ఇరుసును లాగుతుంది. పద్ధతి తేలికే. అయితే మలుపు బిగువుగా ఉంటే ముందు చక్రాలు బండి కిందికి పోయేవి. నాలుగు కాళ్ల మీద నిలబడిన మంచం మూడు కాళ్ల మీదకు వచ్చినట్టు అయ్యేది. అప్పుడు బండి తిరగబడే ప్రమాదం ఎక్కువ.

ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్ పట్టణంలో ఎరాస్మస్ డార్విన్ అనే వైద్యుడు ఉండేవాడు. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్‌కు ఈయన తాత. రోగుల ఇళ్లకు ఏటా వేల మైళ్లు బండిలో తిరిగే మనిషి కాబట్టి ఈ చిక్కు ఒంటికి పట్టింది. 1750ల చివరలో ఆయన వేరే ఆలోచన చేశాడు. ఇరుసు కదలకుండా ఉండాలి, దాని రెండు చివర్లలో చక్రాలు మాత్రం దేనికది తిరగాలి. తన బండ్లకే అలా చేయించుకుని, రోజూ తిరిగే గతుకుల బాటల మీదే పరీక్షించాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. యంత్రాల పిచ్చివాడని పేరొస్తే వైద్యానికి చెడ్డపేరు వస్తుందని జంకాడు. 1768లో బండి ప్రమాదంలోనే ఆయన మోకాలి చిప్ప పగిలి, జీవితాంతం కుంటుతూ నడిచాడు. బండి సంగతి ఆయనకు కాగితం మీది లెక్క కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ ఆలోచన తర్వాత మ్యూనిక్ నగరంలో బండ్లు చేసే గేయర్గ్ లాంకెన్‌స్పెర్గర్‌కు విడిగా తట్టింది. లండన్‌లో ఆయన తరఫున రుడాల్ఫ్ ఆకర్‌మన్ అనే పుస్తక ప్రచురణకర్త 1818లో పేటెంటు తీసుకున్నాడు. కష్టం లాంకెన్‌స్పెర్గర్‌ది, పేరు ఆకర్‌మన్‌ది. నేటికీ ఇంజనీరింగు పుస్తకాల్లో అది ఆకర్‌మన్ స్టీరింగే.

దాని లోపలి కిటుకు మన రైతులకు చెప్పనక్కర్లేదు. కళ్ళంలో నూర్పిడికి ఎడ్లను వరసగా కట్టి రాట చుట్టూ తిప్పడం మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. రాటకు దగ్గరున్న ఎద్దు చిన్న చుట్టు తిరుగుతుంది, అంచున ఉన్నది పెద్ద చుట్టు తిరుగుతుంది. రెండింటికీ ఒకే అడుగు వేయమంటే కుదరదు. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం, బయటి చక్రం కూడా అంతే. లోపలి చక్రం ఎక్కువ ఒంపు తిరగాలి, బయటిది తక్కువ తిరగాలి. అప్పుడే ఏ చక్రమూ నేల మీద ఈడ్చుకుపోదు. ఈసారి ట్రాక్టరు నిలిపి ఉన్నప్పుడు స్టీరింగు పూర్తిగా తిప్పించి, ముందు టైర్లు రెండింటినీ చూడండి. ఒకే కోణంలో ఉండవు.

ఇంత మంచి పద్ధతిని బండ్ల తయారీదారులు అప్పట్లో పెద్దగా ఆదరించలేదు. వాళ్ల వైపు కూడా న్యాయముంది. ఒక మేకు ఉన్నచోట రెండు మేకులు, వాటిని కలిపే కడ్డీ, అరిగే కీళ్లు వచ్చాయి. గుర్రం ముందుండి లాగుతున్నంత కాలం పాత పద్ధతితో ఎలాగో గడుస్తూనే ఉంది. గుర్రం లేని బండి వచ్చాక అసలు రంగు బయటపడింది. ఒక చక్రం రాయికి తగిలితే, ఆ దెబ్బ ఇరుసు పొడవునా మీటలా పనిచేసి ఇరుసునంతా పక్కకు తన్నేస్తుంది. దాన్ని పట్టి ఆపే కాడి లేదు, గుర్రం లేదు. ఆపాల్సింది నడిపేవాడి చేతులే.

ఫ్రాన్సులోని లె మాన్ పట్టణంలో దేవాలయాలకు గంటలు పోతపోసే కుటుంబంలో పుట్టిన అమెదె బొల్లె ఈ సంగతి ముందే గ్రహించాడు. 1873లో పన్నెండు మంది ఎక్కే ఆవిరి బండి కట్టి, ముందు చక్రాలు రెండూ దేనికది తిరిగేలా చేశాడు. దానికి పెట్టిన పేరుకు ఫ్రెంచిలో "విధేయురాలు" అని అర్థం. అన్ని టన్నుల ఇనుము నడిపేవాడి మాట వింటుందా అన్నదే జనం భయం కాబట్టి, పేరులోనే జవాబు చెప్పాడు. 1875లో దానిమీద లె మాన్ నుంచి పారిస్‌కు 18 గంటల్లో చేరాడు. 1878లో పారిస్‌కు చెందిన షార్ల్ జాంతో, రెండు చక్రాలు ఏ కోణంలో తిరగాలో గీత గీసి చూపే పద్ధతిని చక్కదిద్దాడు.

2. బెంజ్ ఎందుకు మూడు చక్రాలే పెట్టాడు?

కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు చేసిన మోటారు బండికి మూడే చక్రాలు. నాలుగు చక్రాల బండిని తిప్పే ఏ పద్ధతీ ఆయనకు తృప్తినివ్వలేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు పెట్టడం కంటే, ముందు ఒకే చక్రం పెట్టి చిక్కును పక్కన ఉంచాడు. మన ఊళ్లలో తిరిగే ఆటో కూడా అదే పోలిక. ఇరుకు సందులో ఆటో గిర్రున తిరిగిపోతుంటే, కారు వెనక్కీ ముందుకీ ఆడుతూ నిలబడుతుంది.

అదే 1886లో కొద్ది దూరంలోనే గాట్లీబ్ డైమ్లర్ గుర్రపు బండినొకదాన్ని కొని, అందులో ఇంజను అమర్చాడు. ఆ బండి నాలుగు చక్రాలది, ఇరుసు మొత్తం తిరిగే పాత పద్ధతి. 1889లో ముందు చక్రాలను సైకిలు ఫోర్కుల్లాంటి వాటిలో విడివిడిగా నిలిపిన బండి చేశాడు. తర్వాత 1890లలో ఆయన కంపెనీ అమ్మిన బెల్టు బండ్లలో మళ్లీ పాత తిరుగుడు ఇరుసే కనబడుతుంది. ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకోవడం యంత్రాల చరిత్రలోనూ ఉంది.

బెంజ్ మాత్రం ఆగి ఆలోచించి, 1893లో రెండు చక్రాలూ విడిగా తిరిగే స్టీరింగుకు పేటెంటు పొందాడు. అప్పుడే నాలుగు చక్రాల విక్టోరియా బండిని బయటికి తెచ్చాడు. ఏడేళ్లు మూడు చక్రాలతో సరిపెట్టుకున్నది అసమర్థత వల్ల కాదు. నిశ్చయం కుదరక ముందు మనుషుల్ని ఎక్కించకూడదన్న జాగ్రత్త అందులో మాకు కనబడుతుంది.

3. పిడి మంచిదా, చక్రం మంచిదా?

చక్రాలు తిరిగే పద్ధతి కుదిరాక, వాటిని చేతితో దేనితో తిప్పాలన్నది రెండో తగువు. తొలి కార్లలో చాలావాటికి ఈనాటి గుండ్రని స్టీరింగు లేదు. పడవ చుక్కానికి ఉండేలాంటి ఒక పిడి ఉండేది. దాన్ని టిల్లర్ అనేవారు. టిల్లర్ అంటే మన రైతులకు మడి దున్నే యంత్రం గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం పడవ నడిపేవాడు చేతిలో పట్టుకునే కర్ర అనుకోండి. చిన్న చుక్కాని పెద్ద ఓడను తిప్పడం గురించి యాకోబు పత్రికలో ఉన్న పోలిక మీకు తెలిసిందే. తొలి కార్ల వాళ్లు ఆ ఓడ పద్ధతినే నేల మీదికి తెచ్చారు.

పిడి పక్షాన నిలబడినవారు తెలివితక్కువవారు కాదు. పిడి నేరుగా చక్రాలకు కలుస్తుంది. మధ్యలో పళ్ల చక్రాలు లేవు, అరిగి వదులయ్యేవి తక్కువ. చేయి కదిలినంతే బండి కదులుతుంది. చక్రాలు ఎటు చూస్తున్నాయో పిడిని చూస్తేనే తెలుస్తుంది. నేల మెత్తగా ఉందా, జారుతోందా అన్నది అరచేతికి అందుతుంది. ఎద్దుల బండి వేగానికి రెండింతలో మూడింతలో పోయే బండికి అంతకంటే ఏం కావాలి?

గుండ్రని చక్రం వైపు వారి వాదన వేగం మీద ఆధారపడింది. వేగం పెరిగితే పిడిలోని గుణమే దోషమవుతుంది. చేయి ఇంచుమందం అదిరినా బండి పక్కకు దూకుతుంది. చక్రం రాయికి తగిలితే పిడి చేతిలోంచి ఊడిపోతుంది. గుండ్రని చక్రమైతే రెండు చేతులతో పట్టుకోవచ్చు. మధ్యలో పళ్ల చక్రాలు పెట్టి, చేయి ఎక్కువ తిరిగితే బండి కొంచెమే తిరిగేలా చేయవచ్చు. రాయి దెబ్బ చేతికి చేరేలోపు తగ్గిపోతుంది.

ఈ వాదన కాగితం మీద తేలలేదు, రోడ్డు మీద తేలింది. 1894 జూలై 22న ఒక ఫ్రెంచి దినపత్రిక పారిస్ నుంచి రువాన్ దాకా 126 కిలోమీటర్ల పోటీ పెట్టింది. అది కేవలం వేగపు పందెం కాదు. ప్రమాదం లేకుండా, తేలిగ్గా నడపగలిగేలా, ఖర్చు తక్కువగా ఉండే బండికే పెద్ద బహుమతి అని నిబంధన. అందరికంటే ముందు చేరినది కౌంట్ ద దియోన్ ఆవిరి బండి. అయినా దానికి బొగ్గు వేసేందుకు ఇంకో మనిషి కావాలి కాబట్టి మొదటి బహుమతి ఇవ్వలేదు. అది పానార్ ఎ లెవసోర్, పెజో సంస్థలకు ఉమ్మడిగా దక్కింది. ఆ పోటీలోనే అల్‌ఫ్రెడ్ వషెరో అనే ఆయన తన పానార్ బండికి పిడి తీసేసి గుండ్రని స్టీరింగు పెట్టుకుని వచ్చాడు. కారుకు స్టీరింగు చక్రం పెట్టిన తొలి వ్యక్తి ఆయనేనని ఎక్కువమంది చెబుతారు. ఆయన గెలవలేదు. గెలవనివాడి ఆలోచనే నేడు ప్రపంచమంతా చేతుల్లో పట్టుకుంది.

పానార్ సంస్థ పెద్ద ఎమిల్ లెవసోర్ మాత్రం పిడితోనే నడిపాడు. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగివచ్చే 1,178 కిలోమీటర్ల పందెంలో 48 గంటల 48 నిమిషాలు దాదాపు ఒంటరిగా ఆ పిడి పట్టుకునే కూర్చుని, అందరికంటే ముందు వచ్చాడు. ఎంతటి ఓర్పు! ఆ గెలుపు చూసినవారెవరైనా పిడిలో లోపముందంటే నమ్ముతారా? మరుసటి ఏడాది, 1896లో, పారిస్–మార్సెయ్ పందెంలో ఒక కుక్క అడ్డం వచ్చింది. బండి తిరగబడి లెవసోర్ దూరంగా పడ్డాడు. 1897 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆ దెబ్బల నుంచి ఆయన పూర్తిగా కోలుకోలేదని ఆయన గురించి రాసినవారు చెబుతారు. గుండ్రని స్టీరింగు ఉంటే బతికేవాడని మేము అనము, అలా అనగలిగే ఆధారం లేదు. అయితే ఆయన తర్వాత ఆ సంస్థ పనులు చూసిన ఆర్థర్ క్రెబ్స్, 1898 పారిస్–ఆమ్‌స్టర్‌డామ్ పందెం బండికి పిడి తీసి, వాలుగా ఉండే గుండ్రని స్టీరింగు పెట్టాడు. ఆ తర్వాత ఆ సంస్థ కార్లన్నిటికీ అదే వచ్చింది.

ప్రియులారా, ఇక్కడ కాసేపు ఆగాలి. ఒక పద్ధతితో గొప్ప గెలుపు వచ్చిందంటే ఆ పద్ధతి మంచిదని కాదు. ఆ మనిషి చేతులు గొప్పవి కావచ్చు. లెవసోర్ చేతుల బలం పిడి బలహీనతను కొంతకాలం కప్పిపెట్టింది. మన ఇళ్లలో, సంఘాల్లో కూడా ఒకరి ఓర్పు మీద నడిచిపోతున్న ఏర్పాట్లు ఎన్ని లేవు!

4. ఒక తండ్రి, ఒక కొడుకు

అమెరికాలోని కెనోషా పట్టణంలో ఈ తగువు ఒక ఇంట్లోనే జరిగింది. థామస్ జెఫరీ సైకిళ్ల వ్యాపారంలో పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన కొడుకు చార్లెస్ 1901లో రెండు నమూనా కార్లు కట్టాడు. వాటికి గుండ్రని స్టీరింగు, ఎడమవైపు డ్రైవరు సీటు, ముందు భాగంలో ఇంజను ఉన్నాయి. ఇప్పుడు అమెరికాలో మామూలు కారు ఎలా ఉంటుందో దాదాపు అలాగే. తండ్రి చూసి, ఇది జనానికి మరీ కొత్త, కొనరు అనుకున్నాడు. 1902లో అమ్మకానికి వచ్చిన రాంబ్లర్ కారుకు కుడివైపున పిడి, సీటు కింద ఇంజను పెట్టించాడు. ఆ ఏడాది సుమారు 1,500 కార్లు అమ్ముడుపోయాయి. వ్యాపారి లెక్క తప్పలేదు. ఆ కాలంలో ఆ దేశంలో బాగా అమ్ముడైన ఓల్డ్స్‌మొబీల్ చిన్న కారుకు కూడా పిడే ఉండేది. అయితే కొన్నేళ్లకే రాంబ్లర్‌కూ గుండ్రని స్టీరింగు వచ్చేసింది.

వీరిలో ఎవరిది తప్పు? ఆ రోజు అంగడిలో తండ్రిది ఒప్పు, రాబోయే రోడ్ల మీద కొడుకుది ఒప్పు. మేము మెచ్చుకునేది ఇంకొకటి. వాదనలో నెగ్గిన తండ్రి, కొడుకు మాట నిజమయ్యే రోజు వచ్చినప్పుడు పట్టుదలకు పోలేదు.

ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇంకో రకం. ఆ దేశపు గొప్ప ఇంజనీర్లలో ఒకడు. కారులోని ప్రతి భాగాన్నీ మొదటి నుంచి తానే ఆలోచించి కట్టినవాడు. లోకమంతా గుండ్రని స్టీరింగుకు మారుతున్నా, 1900ల దశకంలో చాలాకాలం ఆయన కార్లకు పక్కన ఉండే మీటే కొనసాగింది. ఆయన బండి మొత్తం కూర్పు ఆ మీటకు సరిపోయేలా ఉండేది కాబట్టి అది బాగానే నడిచేది. చివరికి కొనేవాళ్లు అడిగేది చక్రమే అయింది. వేరే కార్లు నడిపి అలవాటైనవాడు ఈ కారెక్కితే చేతులు తడబడతాయి కదా.

5. దెబ్బ చేతికి తెలియాలా, వద్దా?

మూడో తగువు సూక్ష్మమైనది. గుండ్రని స్టీరింగు వచ్చాక, రోడ్డు దెబ్బ చేతికి అసలు చేరకుండా చేయవచ్చు. వార్మ్ అనే మరచుట్టు లాంటి కడ్డీని తగినట్టు అమరిస్తే, చేయి చక్రాలను తిప్పగలదు గానీ చక్రాలు చేతిని తిప్పలేవు. కొందరు ఇదే పరమ క్షేమమన్నారు. నడిపేవాడికి అలసట లేదు, రాయి తగిలినా స్టీరింగు చేయి జారదు.

రెండో పక్షం ఇలా అంది: చేతికి దెబ్బ తగలకపోతే ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది? కడ్డీలకూ, కీళ్లకూ తగిలి లోలోపల విరుగుతాయి. పైగా బండి జారుతున్న సంగతి నడిపేవాడికి తెలియదు. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను తిన్నగా రాదు.

ఈ తిన్నగా రావడం గురించి క్రెబ్స్ 1896లోనే ఒక పేటెంటులో చెప్పాడు. చక్రం తిరిగే మేకును కొంచెం వాల్చి నిలిపితే, బలం తీసేయగానే చక్రాలు వాటంతటవే తిన్నని దారికి వస్తాయి. సైకిలు ముందు ఫోర్కు కూడా వాలుగానే ఉంటుంది. కుర్రాళ్లు గట్టు మీద చేతులు వదిలి సైకిలు తొక్కగలగడానికి ఉన్న కారణాల్లో ఆ అమరిక ఒకటి. మా మేస్త్రీ "ఒక్క క్షణం చేతులు వదిలి చూడాలి" అన్నది ఈ గుణం కోసమే. దెబ్బ చేతికి పూర్తిగా అడ్డుకట్ట వేస్తే ఈ గుణం కూడా పోతుంది. అందుకే చివరికి తయారీదారులు మధ్యదారిలో నిలిచారు. పెద్ద దెబ్బ తగ్గాలి, చిన్న కబురు చేతికి అందాలి.

6. నిలబెట్టి చూస్తే చాలదు

ఇవన్నీ ఎవరు తేల్చారు? మాటల్లో నెగ్గినవారు కాదు, రోడ్డు తేల్చింది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా భర్త కట్టిన బండి నడిపింది. బ్రేకులు అరిగిపోతున్నాయని, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని తేలింది అప్పుడే. షెడ్డులో ఎన్ని నెలలున్నా తేలని సంగతులవి.

ఇంగ్లండులో 1896 వరకు చట్టం అడ్డు. మోటారు బండి గంటకు 4 మైళ్లు, ఊళ్లలో 2 మైళ్లు దాటరాదు. ఆ వేగంలో ఏ స్టీరింగైనా మంచిదే! చట్టం సడలాక, 1900 ఏప్రిల్, మే నెలల్లో అక్కడి ఆటోమొబైల్ క్లబ్బు వెయ్యి మైళ్ల పరీక్ష పెట్టింది. లండన్ నుంచి ఎడిన్‌బరా దాకా పోయి రావాలి. 65 బండ్లు బయల్దేరాయి. దారిలో మాంటేగ్ గ్రాహమ్ వైట్ నడిపే డైమ్లర్ బండి స్టీరింగు పాడైంది. ఆయన పోటీ వదలకుండా, ముందు చక్రం మధ్యభాగాన్ని కాలితో నెట్టుతూ ఎన్నో మైళ్లు న్యూకాజిల్ దాకా తీసుకుపోయాడు. నవ్వొచ్చే సంగతే గానీ, బండి ఎక్కడ విరుగుతుందో అందరి కళ్లముందు తేలింది. 1924లో జనరల్ మోటార్స్ మిషిగన్‌లోని మిల్‌ఫర్డ్ దగ్గర పరీక్షల కోసమే ప్రత్యేకంగా రోడ్లు వేసుకుంది. ప్రజల రోడ్డు మీద, ప్రజల ప్రాణాలతో పరీక్షించకూడదన్న బుద్ధి అప్పటికి స్థిరపడింది.

మా జీపు సంగతి చెప్పి ముగిస్తాము. ఆ సాయంత్రం మేస్త్రీ మాటే విన్నాము. గట్టు మీద రెండు మైళ్లు పోయేసరికి, చేతులు వదిలితే బండి ఎడమకు లాగుతోందని తెలిసింది. మళ్లీ షెడ్డుకు తిప్పాము. టై రాడ్ చివరి కీలు ఒకటి పైకి బాగున్నట్టే ఉండి లోపల అరిగిపోయి ఉంది. సంఘ పెద్ద అది చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి, "నా మాట వినకపోవడమే మేలైంది నాయనా" అన్నారు.

చీకటి పడ్డాకే ఇల్లు చేరాము. ఆదివారం ఆ జీపులో పదకొండు మంది పిల్లలు వచ్చారు.